నవంబరు 31

పెళ్లిలో మా మామగారు నా కాళ్లు కడిగారు. ఇత్తడి పళ్లెంలో పెట్టించి, రాగి చెంబుతో నీళ్లు పోసి, వేలువేలునా తడిపి, ఆ నీళ్లు తన నెత్తిన చల్లుకున్నారు. ఆ కాళ్లను మళ్లీ అంత శ్రద్ధగా కడిగినవాళ్లు లేరు, నాతో సహా. తలమీంచి చెంబెడు నీళ్లు దిమ్మరించుకుంటే అవే కిందికి జారి ఎప్పటికో పాదాలు చేరతాయి కదా, మళ్లీ ప్రత్యేకంగా వంగి వాటిని పలకరించడం దేనికన్నది నా సిద్ధాంతం. మొహానికి అద్దం కొన్నాను, మీసానికి కత్తెర కొన్నాను, ఉన్నంతకాలం జుట్టుకి నూనె కొన్నాను. కాళ్లకి బాత్రూం గుమ్మంలో పాత లుంగీ మడతపెట్టి వేశాం. అంతే.

షుగరొచ్చాక కూడా వాటి హోదా పెరగలేదు. నిజానికి షుగరు విషయంలో నేను కాస్త పండితుణ్ణి. విశాఖపట్నం శివాజీ పార్కులో పొద్దున్నే నాలుగు చుట్లు తిరిగి బెంచీ మీద చేరే మా బృందంలో ఎవరి ఫాస్టింగు ఎంతో, ఎవరి మూడు నెలల సగటు ఎంతో నోటికి చెప్పగలను. మెంతులు నానబెట్టాలా మొలకెత్తించాలా, నేరేడు గింజల పొడి మజ్జిగలో కలపాలా వేణ్నీళ్లలోనా, కొర్రలు గొప్పవా అండుకొర్రలు గొప్పవా అన్న వాటి మీద మేం గంటలు గంటలు వాదించుకున్నాం. కళ్లు చర్చకొచ్చాయి, కిడ్నీలు చర్చకొచ్చాయి, గుండె అయితే రోజూ వచ్చేది. కాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అవి బెంచీ కింద వరసగా వేలాడుతూ మా పాండిత్యం వింటూ ఉండేవి. దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల 10 లక్షల మందని 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ సర్వే లెక్క. పాదాల లెక్కన చూస్తే 20 కోట్ల పైమాటే. అందులో ఎన్నింటిని వాటి యజమానులు ఈ వారంలో ఒకసారైనా తిప్పి చూశారో నాకనుమానమే. నేనైతే నా అరికాలిని ఆఖరిసారి ఎప్పుడు చూశానో కూడా గుర్తులేదు. బొజ్జ ఆ దృశ్యాన్ని ఎప్పుడో అడ్డగించేసింది.

పైగా నా కాళ్లంటే నాకు గర్వం కూడా ఉండేది. ఆ గర్వానికి కారణం భక్తి.

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవాలి. లక్షలమంది నడుస్తారు, చాలామంది చెప్పుల్లేకుండా. మా బావమరిది నాకంటే బాగా చిన్నవాడు, రోజూ జిమ్ముకెళ్లి బరువులెత్తేవాడు. హనుమంతవాక చేరేసరికి కుంటడం మొదలెట్టాడు. తారు ఇంకా వేడిగానే ఉంది, ఒకచోట రోడ్డు తవ్వి కంకర పరిచారు. జనం ఆ కంకర మీద అబ్బా అమ్మా అంటూ గెంతుతున్నారు. నేను మాత్రం హాల్లో పచార్లు చేస్తున్నంత తాపీగా నడిచి దాటేశాను.

"బావా, కాళ్లు మండట్లేదా నీకు?" అన్నాడు వాడు.

"మనసు స్వామి మీద ఉంటే కాళ్లు గుర్తుంటాయేమిట్రా?" అన్నాను. అక్కణ్ణుంచి అప్పుఘర్ దాకా దేహాభిమానం గురించి వాడికి ప్రవచనం చెప్పాను. పక్కన నడుస్తున్న ఒక పెద్దావిడ అదంతా విని, సముద్రం దగ్గర ఆగినప్పుడు నా కాళ్లకి దండం పెట్టుకుంది. వద్దమ్మా వద్దమ్మా అంటూనే పాదాలు కొంచెం ముందుకే జరిపానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆ తల్లి దండం పెట్టింది పెరిఫెరల్ న్యూరోపతీకని తర్వాత తెలిసింది.

తెలిసింది శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం నాడు. ఇల్లంతా కడిగి ముగ్గులు పెట్టారు. సాయంత్రం తాంబూలానికి ముత్తైదువులు వచ్చి కూర్చున్నారు. మా ఇంట్లో తెల్ల టైల్స్. వాటి మీద హాలు నుంచి వరండా దాకా, వరండా నుంచి మళ్లీ హాల్లోకి ఎర్రటి చుక్కలు. మా ఆవిడ చూసి, "పారాణి ఎవరే ఒలకబోసింది?" అని పనమ్మాయి మీద కేకలేసింది. ఆ పిల్ల చేతిలో పళ్లెం అలాగే పట్టుకుని, "నేను కాదమ్మా, అయ్యగారే అటూ ఇటూ తిరుగుతున్నారు" అంది. నలుగురు ముత్తైదువులూ మా ఆవిడా కలిసి చుక్కల వెంబడి నడిచారు. ఆ దారి వరండాలో పేపరు చదువుకుంటున్న నా దగ్గర ఆగింది. నా ఎడమ కాలి బొటనవేలి కింద, కండలోకి, టోపీదాకా దిగిపోయి ఒక డ్రాయింగ్ పిన్ను ఉంది.

ఆ పిన్ను నాదే. పొద్దున గుమ్మానికి మామిడి తోరణం గుచ్చింది నేనే. ఒకటి తగ్గిందని అప్పుడే గమనించాను, ఎక్కడో పడి ఉంటుందిలే అనుకున్నాను కూడా. పొద్దుటినుంచి దాని మీదే తిరిగాను. పూజలో కూర్చున్నాను, హారతి పట్టుకుని నిలబడ్డాను, పులిహోర రెండోసారి వడ్డించుకోవడానికి వంటింట్లోకి కూడా వెళ్లొచ్చాను. వేమన చెప్పులో దూరిన రాయినీ, కాల్లో దిగిన ముల్లునూ, ఇంట్లో పోరునూ భరించలేని బాధల కింద ఒకే పద్దులో జమకట్టాడు. షుగరు ముదిరాక మొదటి రెండూ కొట్టేసుకోవచ్చు. మూడోది ఆ సాయంత్రం నుంచి రెట్టింపయింది.

ముత్తైదువులు తలో వైద్యం చెప్పారు. పసుపు అద్దమని ఒకరు, కాఫీ పొడి కూరమని ఒకరు, సున్నమని ఇంకొకరు. జిల్లేడు పాలు పోస్తే పిన్నుతోపాటు విషం కూడా బయటికొచ్చేస్తుందని నాలుగో ఆవిడ. మా ఆవిడ ఎవరికీ జవాబు చెప్పకుండా ఆటో పిలిచింది. జాకెట్టు గుడ్డ, శనగలు చేతిలో పట్టుకుని వాళ్లు గుమ్మంలోనే నిలబడిపోయారు.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. పిన్ను సంగతి తొందరగానే తేల్చేసింది. తీసి, కడిగి, కట్టుకట్టి, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి, "అంకుల్, ఇప్పుడు కళ్లు మూసుకోండి" అంది. ఆవిడ చేతిలో ఒక పిడి, దాని చివర గాలానికి కట్టే నైలాను దారం లాంటి ముక్క ఉంది. దాన్ని చర్మానికి ఆనించి ఒంగేదాకా నొక్కితే పడే ఒత్తిడి 10 గ్రాములట. పాదం కింద అక్కడక్కడా ఆనిస్తూ పోతుంది, తెలిసినప్పుడల్లా మనం 'ఆఁ' అనాలి. పరీక్ష అనగానే నాకు పాత ఉత్సాహం వచ్చింది. చిన్నప్పట్నుంచీ తెలియని ప్రశ్నని ఖాళీగా వదిలిన అలవాటు లేదు. కాసేపు ఆగి "ఆఁ" అన్నాను. మరికాసేపాగి మళ్లీ "ఆఁ" అన్నాను. మూడోసారి కొంచెం ఆలోచించినట్టు నటించి, "ఆఁ... చిటికెనవేలు" అన్నాను.

"నేనింకా మొదలుపెట్టలేదంకుల్" అంది.

కళ్లు తెరవకపోయినా మా ఆవిడ ఎలా చూస్తోందో నాకు తెలిసింది. ఆ నరం బాగానే పనిచేస్తోంది.

తర్వాత 128 నంబరు ట్యూనింగ్ ఫోర్కు మోగించి మణికట్టు ఎముక మీద పెడితే జుమ్మని మోచేతిదాకా పాకింది. అదే కాలి బొటనవేలి మీద పెడితే చల్లటి ఇనుము, అంతే. ఆ పైన బీపీ పట్టీ చీలమండకి చుట్టింది. చేతి బీపీతో కాలి బీపీని పోలిస్తే వచ్చే లెక్క 0.9కీ 1.3కీ మధ్యలో ఉంటే కాలికి రక్తం సరిగ్గానే వెళ్తోందని అర్థమట. నాది గట్టెక్కింది. "నెత్తురు బాగానే దిగుతోంది అంకుల్, కబురే పైకి రావట్లేదు" అంది.

ఎందుకు రాదో కూడా చెప్పింది. ఒంట్లో అన్నిటికంటే పొడుగాటి నరాలు నడుము దగ్గర బయల్దేరి కాలివేళ్ల దాకా దిగేవి. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువైన రక్తంలో నానితే ముందు దెబ్బతినేవి అవే. అందుకే మొదట వేళ్లు, తర్వాత పాదం, తర్వాత మేజోడు తొడిగినంత మేర. కొందరికి అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, సూదులతో పొడుస్తున్నట్టు పోట్లు వస్తాయి. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. వాళ్లు డాక్టరు దగ్గరికి పరుగెడతారు. నాబోటి అదృష్టవంతులకి ఏ బాధా ఉండదు. అక్కడితో ఆగదు. చెమట పట్టించే నరాలు కూడా పోతాయి కాబట్టి పాదం ఎండి మడమలు పగులుతాయి. పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు కొంకర్లు తిరుగుతాయి. అప్పుడు బరువంతా ఒకేచోట పడి అక్కడ ఆనెకాయ కడుతుంది. ఆనెకాయ కింద, పైకి కనబడకుండా, పుండు తయారవుతుంది. షుగరు వల్ల కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా మొదలైంది ఇలాంటి చిన్న పుండుతోనేనంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నా వైపు కాకుండా మా ఆవిడ వైపు చూసింది. ఎవరికి చెబితే పని జరుగుతుందో వైద్యులకి తెలుస్తుంది.

ఇంటికొస్తూ ఆటోలో నాకు గజేంద్రుడు గుర్తొచ్చాడు. పాపం ఆయనకి షుగరుంటే కథ ఎలా నడిచేది? మొసలి కాలు పట్టుకునేది, ఆయనకి తెలిసేది కాదు. ఆడ ఏనుగులతో జలకాలాటలు కొనసాగించేవాడు. మొర పెట్టేవాడు కాదు, విష్ణుమూర్తి లక్ష్మీదేవికైనా చెప్పకుండా పరుగెత్తుకొచ్చే శ్రమ ఉండేది కాదు, పోతనగారికి అన్ని పద్యాలు రాసే పని తప్పేది. ఈ మాట పైకి అంటే మా ఆవిడ నవ్వుతుందనుకున్నాను. "అప్పుడా మొసలికి ఎవరు కాపలా కాసేవారు? ఆడ ఏనుగులేగా" అంది.

ఆ రాత్రే మా ఇంట్లో పాదపాలన మొదలైంది. మొదటి చట్టం, ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా అడుగు వేయకూడదు. రెండో రోజే అది మా అత్తగారి దగ్గర ఆగిపోయింది. ఎనభై దాటిన మనిషి, మడి, ఆచారం. నేను కొత్త చెప్పులు తొడుక్కుని హాల్లోకి అడుగుపెట్టగానే, "బాబూ, నట్టింట్లో చెప్పులతో తిరిగితే లక్ష్మి నిలుస్తుందా?" అంది. లక్ష్మి నిలవడం సంగతి తర్వాత, ముందు ఈయన కాలు నిలవాలి కదమ్మా అని మా ఆవిడ. తల్లీకూతుళ్లు ఒక పూటంతా మాట్లాడుకోలేదు. సాయంత్రం మా అత్తగారే దారి కనిపెట్టింది. నా చెప్పుల జత తెప్పించి, పసుపునీళ్లు చల్లి, ఒక్కో దానికీ కుంకుమ బొట్టు పెట్టి, "ఇవి గడప దాటి మైలపడలేదు. కాబట్టి ఇవి చెప్పులు కావు, పాదుకలు. రాములవారివి సింహాసనం మీదే పెట్టారు, నీవి హాల్లో ఉంటే తప్పులేదు" అని తీర్పిచ్చింది. దేవుడి గదికి మాత్రం వేరే ఏర్పాటు. గుమ్మంలో చాప, చాప మీద వదిలేసి, లోపల మందపాటి తెల్ల మేజోళ్లతో వెళ్లాలి. తెల్లవే ఎందుకంటే నెత్తురు మరకైతే కనబడుతుంది. సాగే పట్టీ మరీ బిగుతుగా ఉండకూడదు, లోపలి కుట్లు ఒరుసుకోకూడదు. నా అండర్‌వేర్ విషయంలో కూడా ఇంత పరిశోధన జరగలేదు.

బయటికెళ్లే చెప్పుల దగ్గర నా అసలు రంగు బయటపడింది. డాక్టరమ్మ ఎంసీఆర్ చెప్పులు రాసింది. మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు అడుగు, దాని కింద గట్టి పొర, వెనక పట్టీ, వేళ్ల మధ్య దూరే తాడు ఉండదు, ఒక్క మేకు ఉండదు, అంతా అంటించిందే. చూడ్డానికి ఎలా ఉంటాయంటే, వాటిని తొడుక్కున్నవాణ్ణి చూసి జనం జాలిగా ముందు సీటు ఖాళీ చేస్తారు. వాటి వెనక ఉన్న కథ తెలిశాక గౌరవం కలిగింది కానీ అందం పెరగలేదు. కొల్లి కొండల్లో పుట్టిన ఇంగ్లీషు సర్జను పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి కుష్ఠు రోగుల చేతులూ కాళ్లూ చూశాడు. వేళ్లు రోగం వల్ల రాలిపోతాయని లోకం నమ్ముతున్న రోజుల్లో, కాదు, నొప్పి తెలియక వాళ్లు తమకు తెలియకుండానే గాయపరుచుకుంటున్నారని ఆయన పట్టుకున్నాడు. అలాంటి కాళ్ల కోసం మెత్తటి రబ్బరు చెప్పులు చేయించిన పని అక్కడ జరిగింది. 1966లో అమెరికాలోని కార్‌విల్ ఆస్పత్రికి వెళ్లాక అదే పాఠం షుగరు కాళ్లకీ పనికొచ్చింది. నొప్పి అనేది ఎంత పెద్ద వరమో చెప్పడానికి ఆయన ఒక పుస్తకమే రాశాడు.

ఈ కథలో ఇంకో ముక్క ఉంది, అది మా ఆవిడకి చెప్పకుండా ఉండాల్సింది. కొందరు రోగులకి పొద్దున లేచేసరికి వేలి కొస మాయమయ్యేదట. రాత్రి కాపలా కాసి చూస్తే, ఎలుకలు. నొప్పి లేదు కాబట్టి నిద్రలేచేవాళ్లు కాదు. తర్వాత ఇళ్లకి వెళ్లే రోగులకి తలో పిల్లిని ఇచ్చి పంపేవారు. మూడో రోజున మా ఇంట్లోకి పిల్లి వచ్చింది. మా ఇంట్లో ఎలుకల్లేవు మొర్రో అన్నా వినలేదు. ఆ పిల్లి రాత్రిళ్లు నా మంచం కాళ్ల వైపున పడుకుంటుంది, పగలు నా పెరుగు తాగుతుంది.

ఇంతకీ చెప్పుల విషయం. మా మేనల్లుడి పెళ్లికి పట్టుపంచె కింద ఆ నల్లటి ఎంసీఆర్ పట్టీ చెప్పులు తొడుక్కోవడానికి నా మనసొప్పలేదు. కొత్తగా కొన్న ముక్కు సన్నటి తోలు చెప్పులు సంచీలో రహస్యంగా పెట్టుకుని, కల్యాణమండపం గేటు దగ్గర మార్చుకున్నాను. చెప్పులు సాయంత్రం పూట కొనాలని, అప్పటికి కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి కొలత సరిగ్గా వస్తుందని, కొత్తవి మొదట్లో అరగంటా గంటా మాత్రమే తొడిగి విప్పి చూసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. నేను పొద్దున కొన్నాను, తలంబ్రాల దగ్గర్నుంచి అప్పగింతల దాకా విప్పలేదు. చిటికెనవేలి పక్కన పైసా అంత బొబ్బ. దాన్ని కనిపెట్టింది మా ఆవిడ కాదు, మా అమ్మాయి, డాలస్ నుంచి.

అది మరో అవమానం. మా అమ్మాయి వారానికోసారి వీడియోలో నా కాళ్లు తనిఖీ చేస్తుంది. "నాన్నా, ఫోన్ ఇంకొంచెం కిందికి. వేళ్ల మధ్య చూపించు. అమ్మా, టార్చి వెయ్యి. ఆ మడమ తిప్పు." ఒకసారి అలా తిప్పుతుండగా అవతల తెరలోకి మా వియ్యంకుడుగారు కాఫీ కప్పుతో వచ్చారు. నమస్కారం బావగారూ అందామని చేతులు జోడిస్తే ఫోన్ జారి, ఆయనకి దగ్గర్నుంచి నా కుడి పాదం అడుగుభాగం కనబడింది. మర్యాదస్తుడు. ఆ పాదానికే నమస్కారం పెట్టి, "ఆరోగ్యమేనా బావగారూ?" అని లోపలికి వెళ్లిపోయారు.

రోజువారీ కార్యక్రమం పెద్ద కష్టమేం కాదు, ఒప్పుకోవాలి. గోరువెచ్చటి నీళ్లతో కడగడం, నీళ్ల వేడి మా ఆవిడ మోచేత్తో చూడటం (నా కాలు పెట్టి చూస్తే మరుగుతున్న నీళ్లు కూడా 'బాగున్నాయి' అంటుందని ఆవిడకి తెలుసు), నానబెట్టకుండా తీసేసి మెత్తటి తువ్వాలుతో ఒత్తడం. వేళ్ల సందుల్లో తడి ఉండకూడదు. మడమలకి, అరికాళ్లకి కొబ్బరినూనో వాజెలినో రాయొచ్చు కానీ వేళ్ల సందుల్లో రాయకూడదు, అక్కడ చెమ్మ చేరి ఒరుస్తుంది. గోళ్లు తిన్నగా కత్తిరించాలి, మూలలు లోపలికి తవ్వకూడదు. ఆ తర్వాత నా గడ్డం అద్దం నేలమీద పెట్టి అరికాలు చూసుకోవాలి. ఎరుపు, వాపు, బొబ్బ, పగులు, నల్లబడటం, వాసన. రెండు పాదాల మీదా అరచెయ్యి వెనకవైపు ఆనించి, ఒకటి రెండోదాని కంటే వేడిగా ఉందేమో చూడాలి. నొప్పి లేకుండా ఒక పాదం వాచి వేడెక్కితే లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు. దాన్ని షార్కో పాదం అంటారు. అలా ఉంటే రేపు చూద్దాం అనకూడదు, ఆరోజే వెళ్లాలి. మొత్తం కలిపి పది నిమిషాలు. సీరియల్లో ఒక ప్రకటనల విరామం చాలు.

అయినా ఆ పది నిమిషాలకి నా ప్రాణం లేచిపోయేది. ఎందుకో తెలియదు. మందుబిళ్ల మింగమంటే మింగుతాను, సూది పొడుచుకోమంటే పొడుచుకుంటాను. కింద కూర్చుని నా కాలు నేను చూసుకోవడమంటే నామోషీ. నెలా పదిహేను రోజులు చూసి మా ఆవిడ ఇక నా వల్ల కాదు, మీరే చూసుకుని ఇందులో రాయండి అని ఒక నోటు పుస్తకం ఇచ్చింది. తేదీ, కుడి, ఎడమ, వేళ్ల సందులు, మడమలు, సంతకం అని గళ్లు గీసింది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను రిటైరయ్యేదాకా ఆడిట్‌లో పనిచేశాను. రిజిస్టరు చూసి అందులో పని జరిగిందా లేక రిజిస్టరు మాత్రమే జరిగిందా అన్నది కనిపెట్టడం నా వృత్తి. అలాంటివాడి చేతికి రిజిస్టరు ఇవ్వడం మా ఆవిడ అమాయకత్వం. నవంబరు మొదటి తారీకున మధ్యాహ్నం భోంచేసి, వరండాలో కూర్చుని, నెల మొత్తం రాసేశాను. అనుమానం రాకుండా నీలం పెన్నూ నల్ల పెన్నూ మార్చి మార్చి వాడాను. ప్రతిరోజూ 'బాగుంది' అని రాస్తే నమ్మరని అక్కడక్కడా 'ఎడమ మడమ కొంచెం పొడి, నూనె రాసితిని' అని వైవిధ్యం చూపించాను. ఒకచోట నూనె చుక్క కూడా పడేశాను. ముప్పై ఏళ్లలో నేను పట్టుకున్న ఏ దొంగ బిల్లులోనూ అంత కళ లేదు.

నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం. పార్కులో మా బృందం ఒక చిన్న సభ పెట్టింది. పిన్ను కథ అప్పటికే కాలనీ అంతా పాకడంతో, పాదసంరక్షణ మీద ఉపన్యాసం నాకే అప్పగించారు. దంచేశాను. రోజూ చూసుకోవడమే మందు అన్నాను, క్రమశిక్షణ అన్నాను, ఉదాహరణకి నా రిజిస్టరు అన్నాను. రిజిస్టరు చేతులు మారుతూ ముందు వరసలోకి వెళ్లింది. ముందు వరసలో మా ఆవిడ కూర్చుంది. ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. తర్వాత చాలా నెమ్మదిగా, మైకు అవసరం లేకుండా అందరికీ వినబడేలా అడిగింది.

"ఏవండీ, ఇవాళ పద్నాలుగో తారీకు. మీరు ఇరవయ్యారున ఎడమ మడమకి ఎలా నూనె రాశారు?"

సభలో ఎవరో దగ్గారు.

"పోనీ అదైనా రాశారనుకుందాం. నవంబరులో 31 ఎక్కడిదండీ?"

అవును. ఊపులో ముప్పై ఒకటో తారీకు కూడా నింపేశాను. ఆరోజు నా రెండు పాదాలూ బాగున్నాయి, వేళ్ల సందులు పొడిగా ఉన్నాయి, సంతకం ఉంది.

ఆ రాత్రి ఆవిడే టార్చి పట్టుకుని కూర్చుంది. అప్పుడు బయటపడింది అసలు దొంగతనం. ఎడమ పాదం కింద, వేళ్ల మొదట్లో నాకో ఆనెకాయ ఉంది. కాలేజీ రోజుల నుంచి దానికి వైద్యుణ్ణి నేనే. గడ్డం గీసుకుని పారేసిన బ్లేడుని సగానికి విరిచి, బాత్రూం తలుపేసుకుని, పొరలు పొరలుగా చెక్కేవాణ్ణి. దాంట్లో ఒక తృప్తి ఉంటుంది, అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. డాక్టరమ్మ బ్లేడు వద్దంది, మందుల షాపులో దొరికే కార్న్ క్యాపు కూడా వద్దంది, అందులోని యాసిడ్ మంచి చర్మాన్ని కూడా తినేస్తుందట. మా అత్తగారు జీడి కాల్చి పెడతానంటే మా ఆవిడ ఆపింది. ఇంట్లో బ్లేడులన్నీ మాయం చేసింది. అయినా నా దగ్గర ఒక అరబ్లేడు భగవద్గీతలో, పేజీ గుర్తుగా, భద్రంగా ఉండేది. టార్చి వెలుగులో ఆ ఆనెకాయ మధ్యలో చిన్న నల్లమచ్చ కనబడింది. నొక్కితే తడి. నాకు ఏమీ తెలియలేదు, అలవాటు ప్రకారమే.

మర్నాడు డాక్టరమ్మ ఆ గట్టి చర్మాన్ని తొలిచి తీస్తే లోపల బఠాణీ అంత పుండు. ఎముక దాకా వెళ్లలేదు, ఇంకో రెండు వారాలు రిజిస్టరుని నమ్ముకుని ఉంటే వెళ్లేదేమో అంది. మందు కంటే పెద్ద పని ఆ చోటు మీద బరువు పడకుండా చూడటమట. దాని చుట్టూ మెత్తటి ఫెల్టు అతికించి, నడక బాగా తగ్గించమంది. మానడానికి వారాలు పట్టింది. ఆ వారాలన్నీ కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ తిట్టలేదు. ఎవరొచ్చినా "కూర్చోండి, ఆయన పాదాలు చూసి వెళ్దురుగాని" అనేది. భగవద్గీత బీరువాలో పెట్టి తాళం వేసింది.

పుండు మానిన రోజుల్లోనే టార్చి ఒకసారి నా చేతికొచ్చింది. కరెంటు పోయింది, ఆవిడ మంచం మీద కాళ్లు చాపుకుని విసనకర్ర విసురుకుంటోంది. వెలుతురు అటు పడింది. మడమలు నిండా పగుళ్లు, ఒకదాంట్లో ఎండిన నెత్తురు గీత. వాచిన వేలిలోకి మెట్టె ఒరుసుకుని చుట్టూ ఎర్రటి వరస. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ పాదాలకి పసుపూ పారాణీ రాసుకోవడం చూశాను తప్ప వాటి అడుగున ఏముందో చూడలేదు. రోజంతా వంటింటి గట్టు ముందు చెప్పుల్లేకుండా నిలబడే కాళ్లు. ఇంట్లో చెప్పుల చట్టం నా ఒక్కడికే వర్తిస్తుందని అప్పుడే గమనించాను.

"ఇదేమిటి, నొప్పిగా లేదూ?"

"ఏం నొప్పి? అస్సలు తెలీట్లేదు. ఇంటిపని చేసేవాళ్ల కాళ్లు అలాగే ఉంటాయి లెండి" అని చీర కిందికి లాక్కుంది.

ఎన్నేళ్లనుంచి రక్తపరీక్ష చేయించుకోలేదని అడిగితే, అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు చేశారంది. ఆ అమ్మాయికిప్పుడు స్కూలుకెళ్లే కొడుకున్నాడు. వాళ్లమ్మకి షుగరుంది, మేనమామకి కాలివేలు తీశారు, అయినా తనకెందుకొస్తుందట? తను తీపి తినదుగా! నేను శివాజీ పార్కు పాండిత్యమంతా వాడాను, పని చేయలేదు. చివరికి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేస్తానంటే కదిలింది.

మెట్టెలు తీయించడానికి మా అత్తగారి అనుమతి కావాల్సి వచ్చింది. దానికో రోజంతా పట్టింది. వదులు చేయించి మళ్లీ పెట్టుకునేదాకా ఆ వేలికి పసుపుతాడు కడతానంది ఆవిడ. తాడు కూడా బిగుస్తుందని నేనన్నాను. "అల్లుడుగారు కూడా డాక్టరయ్యాడు" అని ఆవిడ. ఆఖరికి తాడు కాలికి కాదు, మంచంకోడుకి కట్టారు.

మొన్న పొద్దున్న ల్యాబుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు సూది తీస్తూ, "అమ్మా, ఏమైనా తిన్నారా?" అన్నాడు.

"ఏం తినలేదు బాబూ. రాత్రినుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు" అంది, కళ్లలోకి చూసి.

ఆరింటికి నా ఎదురుగా కూర్చుని గ్లాసుడు చిక్కటి కాఫీ, పంచదార వేసుకుని తాగిన మనిషి. నేను ఆడిట్ మనిషిని, అభ్యంతరం రాయక తప్పదు.

"కాఫీ తాగింది" అన్నాను.

కుర్రాడు సూది పక్కన పెట్టేసి, రేపు రమ్మన్నాడు. ఆటోలో ఇంటిదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం, 31వ తారీకు రాసుకున్న మనిషికి ఒక కాఫీ పెద్ద నేరంగా కనబడిందా అంది. మర్నాడు వెళ్లడానికి తలనొప్పి అడ్డొచ్చింది, ఆ మర్నాడు ఏకాదశి. రేపు తప్పదని అమ్మాయి డాలస్ నుంచి ఇద్దరికీ కలిపి చెప్పింది. కాఫీ పొడి డబ్బా నేను దాచాను. టార్చి ఆవిడ దాచింది.